ఒంటికొమ్ము గుర్రం సంచి

ఎడమచేత్తో బంతి విసిరేవాళ్ళకి పుట్టుకతోనే కాస్త తిక్క ఉంటుందని బేస్‌బాల్ వాళ్ళ నమ్మకం. జీవితంలో సగం వాళ్ళ బంతులు పట్టుకుంటూనే గడిపిన నేను, ఈ మాట ఎవరన్నా కొట్టిపారేసేవాణ్ణి. కుడిచేతివాళ్ళలో తిక్కవాళ్ళు తక్కువేం కాదు, వాళ్ళతోనూ వేగాను. కానీ వెండెల్ ఓబర్లీ మా శిబిరానికి వచ్చాక ఆ వాదన మానుకున్నాను.

నా పేరు స్టావ్. మా జట్టులో బుల్‌పెన్ క్యాచర్‌ని. అంటే ఆట ఆడను. మైదానం చివర, కంచె అవతల ఒక దొడ్డి ఉంటుంది. ఆట మధ్యలో దిగాల్సిన పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు, అక్కడ కూర్చుని ఎదురుచూస్తారు. దాన్నే బుల్‌పెన్ అంటాం. లోపలికి వెళ్ళేముందు చెయ్యి వేడెక్కడానికి వాళ్ళు విసిరే బంతుల్ని గొంతుక్కూర్చుని పట్టుకోవడం నా ఉద్యోగం. నా మోకాళ్ళ సంగతి అడక్కండి. అవి నాతో మాట్లాడటం మానేసి చాలా కాలమైంది.

వెండెల్‌ది కాన్సస్. కనుచూపు మేర గోధుమ తప్ప ఇంకేమీ లేని ఊరు. తల్లి బడి బస్సు తోలుతుంది, అన్న ధాన్యం లారీ తోలుతాడు. వీడికి మాత్రం ఏదీ తోలడం రాదు, విసరడం ఒక్కటే వచ్చు. చిన్నప్పుడు ఆ ఊళ్ళో ఎడమచేతివాడికి సరిపోయే చేతొడుగు దొరకలేదట. అన్న చేతొడుగునే తిరగేసి, బొటనవేలు చోట చిటికెన వేలు దూర్చి ఆడాడు. ఇప్పుడు కంపెనీలు పోటీపడి కొత్తవి పంపిస్తున్నా, వీడు అన్నింటినీ అలాగే తిరగేసి తొడుక్కోబోయి, నాలిక కరుచుకుని మళ్ళీ సరిచేసుకుంటాడు. ఇంటి దగ్గర్నుంచి ఎడమచేతి కత్తెర ఒకటి తెచ్చుకున్నాడు. దేనికిరా అంటే, "దొరకవు కదా, ఉంటే మంచిది" అన్నాడు. శిబిరంలో ఉన్నన్నాళ్ళూ దాంతో ఏదీ కత్తిరించగా నేను చూడలేదు.

భోజనం దగ్గర మరీ అన్యాయం. వీడి ఎడమ మోచెయ్యి, పక్కవాడి కుడి మోచెయ్యి ప్రతి ముద్దకీ ఢీకొట్టుకునేవి. ఎలాడియో అని మా డొమినికన్ పిచర్ ఒకడున్నాడు. ఒకరోజు వీడి దెబ్బకి చారంతా చొక్కా మీద ఒలకబోసుకుని, "నిన్ను కంచె మీద కూర్చోబెట్టి మేపాలిరా" అన్నాడు. ఆ రోజు నుంచి వెండెల్‌కి బల్ల చివర కుర్చీ ఖాయమైంది.

ఇన్ని చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. వాడి చెయ్యి బంగారం. వాడు విసిరే వేగం బంతి పట్టుకున్న రోజున నా అరచెయ్యి సాయంత్రానికి రొట్టెలా ఉబ్బేది. దానికి తోడు స్లైడర్ అని ఇంకో బంతి. అదీ వేగం బంతిలాగే బయల్దేరి, బ్యాటర్ ముందుకొచ్చాక ఏదో మర్చిపోయినట్టు పక్కకి తిరిగిపోతుంది. ఈ రెంటిలో ఏది వస్తుందో తెలియనంత కాలం వాణ్ణి కొట్టగలిగేవాడు లేడు.

అయినా రెండు వసంతాలు వాణ్ణి ఫ్లారిడాలో, ఆటల కాలానికి ముందు జట్టుని ఎంచే మా శిబిరంలో ఉంచి, చివర్లో చిన్న జట్టుకి, ఆ బస్సు ప్రయాణాలకి పంపేశారు. ఇది మూడోసారి. మా బుల్‌పెన్‌లో అన్ని చోట్లూ నిండి ఒక్కటే మిగిలింది. అది ఎడమచేతివాడికని అందరికీ తెలుసు. ఆ ఒక్క చోటు కోసం పోటీలో ఇద్దరున్నారు. ఒకడు వెండెల్. రెండోవాడు తాత.

తాత అసలు పేరు రే కాసిల్‌బెరీ. ఓక్లహోమాలో తేనెటీగలు పెంచుతాడు, పెద్ద చదువులకొచ్చిన కూతుళ్ళున్నారు. నలభైకి దగ్గరపడ్డాడు, అంటే బయట లోకంలో కుర్రాడే గాని బుల్‌పెన్‌లో తాత. ఆయన ఆడని జట్టు లేదు. ఫిబ్రవరిలో ఒంటరిగా పెట్టె పట్టుకొచ్చి, "ఇంకో నాలుగు బంతులు మిగిలాయనిపిస్తోంది, చూడండి" అని మమ్మల్నడిగాడు. ఆయన బంతి విసిరాక అది బ్యాటర్ దగ్గరికి చేరేలోపు మీరు కాఫీ తాగి రావచ్చు. కానీ ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది.

ఇద్దరి అల్మారాలూ పక్కపక్కనే వేశారు. పోటీదారులు కదా, మొహాలు మాడ్చుకుంటారని నేననుకున్నాను. మొదటి రోజే తాత వెండెల్‌ని ఎగాదిగా చూసి, "ఏరా కుర్రాడా, ఎంత వేగంగా విసురుతావట?" అనడిగాడు. వాడు సిగ్గుపడుతూ చెప్పాడు.

"నా రెండు బంతులు కలిపినా అంత రాదురా" అన్నాడు తాత. "పోనీలే, నాకు తొందరేం లేదు."

ఇక సంచి సంగతి. బుల్‌పెన్‌లో కూర్చునేవాళ్ళకి చాలాసేపు పనుండదు, అందుకని తింటారు. ఆ తిండి మోసుకెళ్ళడానికి ఒక సంచి ఉంటుంది. మాది ఆడపిల్లలు బడికి తగిలించుకెళ్ళే ఊదారంగు సంచి. దాని మీద ఒంటికొమ్ము గుర్రం, దాని జూలంతా మెరుపులు. అందరికంటే కొత్తవాడు ఆటకి ముందు దాన్ని భుజాన వేసుకుని, మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి జనం చూస్తుండగా నడవాలి. ముక్కులకి తెల్లటి మందు పూసుకుని ఎండలో కూర్చున్న ముసలమ్మలు చప్పట్లు కొడతారు. ఆరడుగులు దాటిన మనిషికి అదో పరీక్ష.

శిబిరంలో కొత్తవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి రోజుకొకడు మోస్తాడు. చివరి వారాల్లో మాత్రం మా బుల్‌పెన్ కోచ్ హోబర్ట్ దాన్ని ఒకడి భుజానికి తగిలించి వదిలేస్తాడు. ఎందుకో గాని, ఏటా ఆ సంచి మోసినవాడే పెద్ద జట్టులో చోటు దొరికి మాతో ఉత్తరాన మా ఊరికి వచ్చాడు. హోబర్ట్‌నడిగితే, తలుపు దగ్గర ఎవడుంటే వాడికిస్తానంటాడు. పుల్ల నములుతూ చెప్తాడు కాబట్టి ఎవరూ నమ్మరు. ఈ కథ ఎప్పుడో ఒకసారి నేనే వెండెల్‌కి చెప్పాను. వాడు దాన్ని గుండెల్లో దాచుకున్నాడు.

మార్చి సగంలో ఒక పొద్దున హోబర్ట్ సంచి తీసుకుని వెండెల్ భుజాన వేశాడు. వాడు పట్టీలు బిగించుకున్నాడు. తర్వాత సంచితో సహా గోడచాటుకెళ్ళి తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇచ్చారే" అంటున్నాడు. "ఉద్యోగం కాదే, సంచి. కాదు, తినేవి పెట్టుకునేది. నీకు అర్థం కాదులే, మంచిదే, చాలా మంచిది."

అప్పటి నుంచి వాడు సంచిని కిరాణా కొట్టులా నడిపాడు. ఎవరికేం కావాలో వాడికి నోటికొచ్చు. ఎలాడియోకి చింతపండు ఉండలు, హోబర్ట్‌కి అల్లం బిళ్ళలు, నాకు వేరుశనగ పట్టీ, తనకి నమిలే బబుల్ గమ్. తాతకి నల్ల లికరిస్, అంటే తాడులా పొడుగ్గా, నల్లగా, దగ్గుమందు రుచితో ఉండే ఒక మిఠాయి. తాత తప్ప ఈ లోకంలో ఎవరూ దాన్ని తినరు. దాని కోసం వెండెల్ వంతెన అవతల దుకాణం దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళొచ్చాడు.

"నన్ను కొనేద్దామనా?" అన్నాడు తాత దాన్ని నోట్లో పెట్టుకుంటూ.

"సంచి నా బాధ్యత తాతా" అన్నాడు వీడు, బ్యాంకు మేనేజరులా.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత వాణ్ణి కొట్టడం మొదలెట్టారు.

మొదట్లో ఒకరిద్దరే. ఎండ తగిలిందిలే అనుకున్నాం. రెండో ఆటలో ఇంకా ఎక్కువ. మూడో ఆటకి అవతలి జట్టు వీడి కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. స్లైడర్ వస్తే, పక్కకి పోయేదేలే అన్నట్టు బ్యాటు భుజం మీంచి దించరు. వేగం బంతి వస్తే ముందే పిలిచి పెట్టుకున్నట్టు కొడతారు. మీసాలు సరిగ్గా మొలవని పిల్లకాయ ఒకడు కొట్టిన బంతి కొబ్బరిచెట్ల మీంచి వెళ్ళి, బయట ఆగున్న ఐస్‌క్రీమ్ వ్యాను అద్దం పగలగొట్టింది. ఆట అయ్యాక ఆ వ్యానువాడు లోపలికొచ్చి, పోట్లాడతాడనుకుంటే, పగిలిన ముక్క చూపించి వెండెల్‌ని దాని మీద సంతకం పెట్టమన్నాడు. వీడు పెట్టాడు కూడా. ఎడమచేతివాడు కదా, సిరా మొత్తం అరచేతికి అంటించుకున్నాడు.

మా వాళ్ళంతా వైద్యానికి దిగారు. ఎలాడియో వాడి చేతికి ఏదో ఆకుల తైలం రాసి, ఎడమ మేజోడు కుడికాలికి తొడిగించాడు. హోబర్ట్ వాడి పాదాల్ని ఇంత జరిపి, అంత జరిపి, మళ్ళీ మొదటి చోటికే తెచ్చాడు. కంప్యూటర్ల దగ్గర కూర్చునే కుర్రాళ్ళు వాడి చెయ్యీ, మణికట్టూ, చేతొడుగూ తెర మీద పెద్దవి చేసి చూసి, బంతి తిరుగుడు బాగుందనీ, వంపు బాగుందనీ, దెబ్బలెందుకు తగులుతున్నాయో తెలియడం లేదనీ చెప్పారు. మాకూ తెలియదు కనక ఎవరం ఎవర్నీ ఏమీ అనలేదు.

నేనైతే వాడికి అందరికంటే దగ్గర. రోజూ వాడి ఎదురుగానే కూర్చుంటాను. కానీ ఏ బంతి వేస్తున్నాడో నాకు ముందే చెప్పి వేస్తాడు, చెప్పకపోతే నా పళ్ళు రాలతాయి. ముందే తెలిసినదాన్ని కనిపెట్టాల్సిన అవసరం నాకేముంది?

అద్దం పగిలిన మర్నాడు వెండెల్ నాకు బంతులేస్తున్నాడు. తాత పక్కన బెంచీ మీద కూర్చుని తన నల్లతాడు కొరుకుతున్నాడు. ఉన్నట్టుండి కొరకడం ఆపాడు. ముందుకు వంగి, వెండెల్ వంకే చూస్తూ, ప్రతి బంతికీ ముందు పెదవులు కదిలించి ఏదో గొణుక్కున్నాడు. నేను చూసి, పాపం వయసు మీద పడుతోంది, ప్రార్థన చేసుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. చివర్లో తాత లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా స్నానాల గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఆయన వేళాకోళం ఆడలేదు. అదొక్కటే నాకు వింతగా అనిపించింది.

మరుసటి పొద్దున వెండెల్ సంచి తగిలించుకుని మైదానంలోకి బయల్దేరబోతుంటే, తాత అడ్డమొచ్చి దాన్ని వాడి భుజం మీంచి తీసి తన భుజాన వేసుకున్నాడు.

"ఇవాళ్టి నుంచి ఇది నేను మోస్తా."

వెండెల్‌కి ఏం జరిగిందో అర్థమయ్యేసరికి చెయ్యి ఖాళీ భుజాన్ని తడుముతోంది. "అదేంటి తాతా, కొత్తవాళ్ళు కదా మొయ్యాలి."

"ఈ జట్టుకి నువ్వు మూడేళ్ళ నుంచీ వస్తున్నావు. నేనొచ్చింది ఫిబ్రవరిలో. ఎవడ్రా కొత్తవాడు?"

అందరం హోబర్ట్ వంక చూశాం. ఆయన నోట్లో పుల్ల ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళింది. "మాటలో న్యాయం ఉంది" అన్నాడాయన.

అలా నలభైకి దగ్గరపడిన మనిషి, ఇద్దరు ఎదిగిన కూతుళ్ళ తండ్రి, మెరుపుల జూలున్న గుర్రాన్ని వీపున వేసుకుని మైదానం దాటాడు. ముసలమ్మలు ఈలలేశారు. ఆయన టోపీ తీసి వంగి వంగి దండం పెట్టాడు. వెనకాల వెండెల్ నడుస్తున్నాడు, శవం వెంట నడిచినట్టు.

దొడ్డిలో కూర్చున్నాక వాడు మొహమాటంగా, "పోనీ ఒక గమ్ అన్నా ఇవ్వు తాతా" అన్నాడు.

"అయిపోయాయి."

"నిన్నేగా డబ్బా నింపాను."

"సంచి నా బాధ్యత కుర్రాడా" అన్నాడు తాత. పొట్ట పగిలేలా ఉన్న సంచి ముందు జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. వెండెల్ ఇంకోసారి అడగలేదు. కాన్సస్ వాళ్ళకి తిండి లేకపోయినా ఫర్వాలేదు గాని రెండోసారి అడగడం రాదు.

ఆ సాయంత్రం వాణ్ణి వంతెన పక్కన చేపల పాకకి తీసుకెళ్ళాను. వేయించిన చేప పెట్టిన రొట్టె వాడి ముందు చల్లారిపోయింది. పెలికాన్ పక్షి ఒకటి గట్టు మీద నిలబడి దాని వంకే చూస్తోంది.

"అయితే తేలిపోయిందన్నమాట" అన్నాడు వెండెల్.

"ఏం తేలింది? రేపు ఆట ఉందిగా. నిన్ను దింపుతారుగా."

"సంచి ఎవరి దగ్గరుంటే వాళ్ళే వెళ్తారని నువ్వే చెప్పావు స్టావ్."

"నేను వంద చెప్తా. అది తిండి సంచిరా, జాతకం కాదు."

"తాతకి తెలిసే ఉంటుంది. ఆయన్ని పిలిచి చెప్పి ఉంటారు, అందుకే తీసుకున్నాడు." నీళ్ళవంక చూస్తూ అన్నాడు. "తీసుకుంటే తీసుకున్నాడు. అందరి ముందూ ఎందుకు? నేనాయన కోసం వంతెన దాటి ఆ నల్లతాళ్ళు తెచ్చాను."

నాకు జాలేసింది. తాత మీద కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి ఆఖరికి ఒక తిండి సంచి కోసం కుర్రాడి గుండె కొయ్యడం ఏమిటి? వెండెల్ ఇక ఈ ఏడాదీ కాకపోతే ఇంటికెళ్ళి అన్నతో పాటు ధాన్యం లారీ ఎక్కేస్తానన్నాడు. తోలడం రాదుగా అన్నాను. నేర్చుకుంటానన్నాడు. నవ్వించాలని చూశాను గాని వాడు నవ్వలేదు. రొట్టె పెలికాన్‌కి వేసి లేచాడు.

మర్నాటిది శిబిరంలో ఆఖరి ఆట. అవతలి జట్టు, అద్దం పగలగొట్టిన వాళ్ళే. ఎనిమిదో వంతులో దొడ్డిలో ఫోన్ మోగింది, ఎడమచేతివాణ్ణి పంపమన్నారు. వెండెల్ లేచాడు. నాకు కాసిని బంతులేశాడు, తల దించుకుని, మూతి బిగించుకుని. తాత వైపు చూడలేదు. తెల్ల గీత తొక్కకుండా దాటి లోపలికి వెళ్ళాడు.

మొదటి బ్యాటర్ నవ్వుతూ వచ్చాడు. బ్యాటు ఆడించుకుంటూ వెండెల్ ముఖంలోకి చూశాడు. ఇంకా చూశాడు. మన వీధి అనుకుని వచ్చి వేరే వీధిలో నిలబడ్డవాడిలా అటూ ఇటూ చూశాడు. ఈలోగా బంతి వెళ్ళిపోయింది. తర్వాతది స్లైడర్, గాలిని కొట్టాడు. తర్వాతదీ అంతే, మూడూ తప్పి ఔటైపోయాడు. రెండోవాడూ వాడి వెనకే వెళ్ళాడు. అవతలి జట్టు బెంచీ మీద వాళ్ళంతా లేచి, కంచె పట్టుకుని, మెడలు చాచి వెండెల్ ముఖాన్నే వెతుకుతున్నారు. మూడోవాడు ఆ మీసాలు మొలవని పిల్లకాయ. వాడికి బంతి తగల్లేదు సరికదా, తిరిగిన తిరుగుడుకి టోపీ ఊడింది.

నేను చప్పట్లు కొట్టి తాత వైపు తిరిగాను. ఏం చేస్తున్నాడా అని చూద్దును కదా, గమ్ నములుతున్నాడు. గులాబీ రంగు గమ్. జన్మలో ఆయన నల్లతాడు తప్ప ఇంకోటి నోట్లో పెట్టుకోగా చూడలేదు.

"అయిపోయాయన్నావు?"

"ఇదే ఆఖరుది" అన్నాడు తాత. బుగ్గ కింద ఇంకో నాలుగున్నట్టున్నాయి, మాట సరిగ్గా రావడం లేదు. "పారేస్తే పాపం కదా స్టావ్."

తర్వాతి వంతులో తాతని దింపారు. ఆయన ఎప్పట్లాగే నెమ్మదిగా విసిరి, ఒక దెబ్బ తిని, పని ముగించుకుని వచ్చాడు. బాగా వేశాడు. కానీ వెండెల్‌ని చూసిన కళ్ళకి ఆ ఆట ఆనలేదు. అది ఆయనకీ తెలుసు.

ఆట అయ్యాక మేనేజరు గదిలోకి ముందు తాతని పిలిచారు. తలుపు ఎక్కువసేపు మూసుండలేదు. హోబర్ట్ వెండెల్ దగ్గరకొచ్చి, "ఉత్తరాన ఏప్రిల్లో చలి. దళసరి కోటు కొనుక్కో" అన్నాడు. మా దగ్గర శుభవార్త చెప్పే పద్ధతి అదే.

వెండెల్ ఆయన్ని వెర్రిగా చూశాడు. "కానీ సర్, సంచి తాత దగ్గరుంది కదా."

గదిలో ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. ఎలాడియో నవ్వలేక గోడకి ఆనుకున్నాడు. ఆ నవ్వుల్లోనే తాత మేనేజరు గదిలోంచి వచ్చాడు. అందరం ఒక్కసారి ఆపేశాం. ఆయన తన అల్మారాలోంచి గుర్రం సంచి తీసి వెండెల్ ఒళ్ళో పడేశాడు.

"తీసుకోరా. దీన్ని ఓక్లహోమా తీసుకెళ్తే మా ఆవిడ నన్ను గుమ్మం తొక్కనివ్వదు. అన్నీ ఉన్నాయి, చూసుకో. గమ్ మాత్రం లేదు. ఇక ఎప్పుడూ ఉండకూడదు."

"గమ్ ఎందుకు ఉండకూడదు?"

"ఎందుకంటే నువ్వు గేదెలా నములుతావు. వేగం బంతి వేసేటప్పుడు దవడ ఆగకుండా ఆడుతుంది. స్లైడర్ వేసే ముందు ఆలోచిస్తావు చూడు, అప్పుడు టక్కున ఆగిపోతుంది. సంచి నీ చేతికొచ్చిన రోజు నుంచీ అందులో చెయ్యి పెట్టడం, నమలడం. ఫ్లారిడాలో ఉన్న ప్రతి జట్టుకీ నీ దవడ తెలుసురా. నీకే తెలియదు."

వెండెల్ చెయ్యి దానంతటదే దవడ మీదికి వెళ్ళింది. మేమంతా వాడి చేతుల్నీ కాళ్ళనీ పట్టి పట్టి చూశాం. నోటి వంక చూసినవాడు లేడు. మేజోళ్ళు మార్పించిన ఎలాడియో పైకప్పు చూస్తున్నాడు.

"చెప్పొచ్చుగా తాతా" అన్నాడు వెండెల్.

"చెప్తే ఏం చేసేవాడివి? ఆఖరి ఆటకెళ్ళి దవడ గురించే ఆలోచించేవాడివి. చెయ్యి ఇంట్లో మర్చిపోయేవాడివి. నాకు తెలుసు, కుర్రతనంలో నాకెవడో చెప్పాడు, ఆ ఏడాదంతా మర్చిపోయాను."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఐస్‌క్రీమ్ వ్యాను మర్నాడు. బెంచీ మీద కూర్చుని నీ దవడ చూస్తూ, ప్రతి బంతీ ఏదో ముందే చెప్పేశాను."

వెండెల్ సంచి పట్టీలు మెలిపెడుతూ కూర్చున్నాడు. వాడికి లెక్క అప్పుడే తెగుతోంది, మాకందరికీ కూడా. "మరి నువ్వు ఊరుకుని ఉంటే..." అని ఆగిపోయాడు.

"ఊరుకుని ఉంటే నేను ఉత్తరానికి వెళ్ళేవాణ్ణి" అన్నాడు తాత. "అక్కడ చలిరా. ముసలాణ్ణి, పడదు."

ఆయన సామాను కారు దాకా నేనే మోశాను. ఒక పెట్టె, రెండు చేతొడుగులు, కూతుళ్ళ ఫొటో. డిక్కీ వేశాక నేను ఉండబట్టలేక అడిగాను, నిజం చెప్పమని.

తాత కారుకి ఆనుకున్నాడు. "ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు స్టావ్. చెప్పకూడదనే అనుకున్నా. నేనేం తప్పు చెయ్యలేదు కదా, నమిలేది వాడు, కొట్టేది వాళ్ళు. తెల్లారేదాకా అదే అనుకున్నా. నాకు ఈ ఒక్క ఏడాది ఎంత కావాలో నీకు తెలుసు." తాళాలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "వాణ్ణి ఓడించాలనే ఉంది నాకు, ఇప్పటికీ ఉంది. కానీ మా పిల్లలడిగితే ఏం చెప్పను? ఒక గమ్ ముక్కని ఓడించి వచ్చానని చెప్పనా?"

నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. ఆయన నా భుజం తట్టి, నా మోకాళ్ళ మీద ఇంకో జోకు వేసి వెళ్ళిపోయాడు.

వెండెల్ ఉత్తరానికి వచ్చాడు. సంచి వాడే మోస్తున్నాడు. గమ్ ఉండదు. కానీ ముందు జేబులో నల్ల లికరిస్ మాత్రం ఎప్పుడూ ఉంటుంది, ఎండిపోతే కొత్తది కొని పెడతాడు. ఎవరూ తినని దానికి చోటెందుకురా అని ఎలాడియో ఒకసారి తీసి పారెయ్యబోతే, నెమ్మదస్తుడు వెండెల్ వాడి మణికట్టు పట్టుకున్నాడు. మళ్ళీ ఎవరూ ఆ జేబు జోలికి పోలేదు.

జూన్‌లో వాడు వరుసగా రెండు ఆటల్లో దెబ్బలు తిన్నాడు. మర్నాడు మధ్యాహ్నం నేను మోకాళ్ళకి పట్టీలు చుట్టుకుంటుంటే ఫోన్ మోగింది.

"వాడు మళ్ళీ నములుతున్నాడు" అంది తాత గొంతు. పలకరింపూ లేదు, ఏమీ లేదు.

"గమ్ లేదు తాతా, సంచి నేను చూస్తూనే ఉన్నా."

"గమ్ కాదు. పొద్దుతిరుగుడు గింజలు. ఎడమ బుగ్గలో. దూరం నుంచి చూపిస్తే కనబడదు, దగ్గరగా చూపించినప్పుడు చూడు."

"నువ్వు ప్రతి ఆటా చూస్తున్నావా?"

 వెనకాల తేనెటీగల రొద వినబడింది. "ఇక్కడ ఈగలకి బేస్‌బాల్ ఇష్టం" అన్నాడు. "వాటి కోసం టీవీ పెడుతున్నా. వెళ్ళి వాణ్ణి నోరు మూసుకోమను."

వెళ్ళి అదే ముక్క చెప్పాను. వెండెల్ బల్ల చివర తన కుర్చీలో కూర్చుని గింజలు నములుతున్నాడు. దవడ ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు?"

నేను సంచి వంక చూశాను. వాడికి అది చాలింది. గింజలు కాగితంలో ఉమ్మేశాడు. సంచి ముందుకు లాక్కుని ముందు జేబు తెరిచాడు. తన ఎడమచేతి కత్తెర తీసి, నల్లతాడులోంచి చిన్న ముక్క కత్తిరించుకుని నోట్లో వేసుకున్నాడు. దగ్గుమందు తాగిన పిల్లాడిలా ముఖం పెట్టి, నమలకుండా మింగేశాడు.